పేరు లేని పనిముట్లను గుర్తుపట్టడం: నా అనుభవం

పాత పనిముట్టు చేతికొస్తే ఎవరైనా మొదట చేసేది దాన్ని అటూ ఇటూ తిప్పి కంపెనీ పేరు కోసం వెతకడం. పేరు కనబడిందా, పండగే. ఫోన్‌లో కొడితే చరిత్రంతా వచ్చేస్తుంది. నాకొచ్చిన పెట్టెలో సగానికి పైగా వాటి మీద పేరూ లేదు, అంకే లేదు, గీతా లేదు. వాటితో కుస్తీ పట్టాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: పేరు అన్నిటికన్నా చివర తేలాల్సిన విషయం. ఆ పనిముట్టు దేన్ని తాకింది, దానికి బలం ఎటునుంచి అందింది, దాన్ని ఎలా తయారుచేశారు అన్నవి ముందు తేలాలి. ఇవి తేలితే పేరు లేకపోయినా పెద్ద లోటు ఉండదు.

పెట్టె ఎలా వచ్చిందో చెప్పేసి అసలు సంగతిలోకి వెళ్తాను. తెలిసిన పెద్దాయన ఒకరు తన వర్క్‌షాపు ఖాళీ చేస్తూ, "తుక్కులో వేయడానికి చేతులు రావడం లేదు, నువ్వు పట్టుకుపో" అన్నారు. "ఏది దేనికో చెప్పండి సార్" అంటే నవ్వేశారు. ఆయనా వాటిని వేలంపాటల్లో, తుక్కు లాట్లలో కుప్పగా కొన్నవారే. అందుకే వడ్రంగివీ, కమ్మరివీ, చెప్పులు కుట్టేవాళ్లవీ, మెకానిక్కులవీ అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఒకే చేతివృత్తికి చెందినవైతే పని ఇంకా తేలికయ్యేది. పక్కనున్న పనిముట్లే సగం సాక్ష్యం చెబుతాయి కాబట్టి.

ముద్ర లేదంటే కమ్మరి కొలిమిలో చేసిందే అనుకుంటారు చాలామంది. అది ఒక కారణం మాత్రమే. పెద్ద ఫ్యాక్టరీలు ఇతర దుకాణాల కోసం పేరు కొట్టకుండా సరుకు చేసిచ్చేవి. కొన్నిటికి పేరు పిడి మీద అంటించిన కాగితం మీదో, రంగు బొమ్మ మీదో ఉండేది. రెండు వానలకు అది పోతుంది. ఉలి లాంటి వాటిలో ఏళ్ల తరబడి సాన పట్టీ పట్టీ ముద్ర ఉన్న చోటు దాకా అరిగిపోయిన సందర్భాలుంటాయి. పిడిలోకి దిగే మొన మీద కొట్టిన ముద్ర, పిడి ఊడితేగానీ కనబడదు. ఇంకోటి, పేరున్న భాగమే మారిపోయి ఉండొచ్చు: తోపడకు, అంటే చెక్కను చిత్రిక పట్టే పనిముట్టుకు, కొత్త బ్లేడు వేశాక పాత బ్లేడుతో పాటు పేరూ పోతుంది. కాబట్టి "పేరు లేదు" అన్నప్పుడు "ఎందుకు లేదు" అని అడగడం మంచి మొదలు.

మొదటి నియమంగా తుప్పు జోలికి పోలేదు. గ్రైండర్‌కి తీగల చక్రం తగిలించి మెరిపించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోతు తక్కువున్న ముద్ర, రంపం మీద ఆసిడ్‌తో చెక్కిన అక్షరాలు, మూలల్లో మిగిలిన నల్ల రంగు, ఎక్కడో కాస్త అంటుకుని ఉన్న నికెల్ పూత, ఇవే సాక్ష్యాలు. అవన్నీ ఆ చక్రం కింద క్షణాల్లో పోతాయి. నేను చేసిందల్లా కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మట్టి, జిడ్డు తుడవడం, సందుల్లో వెదురు పుల్లతో గీకడం. ఆ తర్వాత గది చీకటి చేసి, టార్చిలైటును పనిముట్టు ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి చూశాను. పైనుంచి పడే వెలుతురులో నున్నగా కనబడే ఇనుము మీద, పక్కనుంచి పడే వెలుతురులో గుంటలు నీడలు పోసుకుంటాయి. అనుమానం వచ్చిన చోట సుద్దపొడి రాసి తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలిచింది. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌ను అడ్డంగా రుద్దడం కూడా పనికొచ్చింది, ముఖ్యంగా గుండ్రటి చోట్ల.

ఇలా చూస్తే "ముద్ర లేని" పనిముట్లలో కొన్ని ఆ జాబితాలోంచి బయటికొచ్చేశాయి. ఒక పట్టకారు చేతి లోపలివైపు "ఇంగ్లండ్" అని మాత్రం తేలింది. కంపెనీ పేరు కాదుగా అని పక్కన పడేయకూడదు. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, 1891 నుంచి ఆ దేశానికి వచ్చే సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఉండాలి. కాబట్టి దేశం పేరు ఒక్కటే కనబడితే ఆ తేదీకి ముందుది కాకపోవచ్చని ఒక పందెం కాయొచ్చు. పందెమే, రుజువు కాదు. అలాగే "కాస్ట్ స్టీల్" అన్న ముద్ర రెండు ఉలుల మీద దొరికింది. అది తయారీదారు పేరు కాదు, మూసలో కరిగించి తీసిన నాణ్యమైన ఉక్కు అని చెప్పే గుర్తు. ఆ పద్ధతిని 1740లలో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ రూపొందించాడు. ఆ ముద్ర మాత్రం పందొమ్మిదో శతాబ్దమంతా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా వాడుకలో ఉంది.

మిగిలినవి నిజంగానే మూగవి. వాటిని బల్ల మీద పరిచి, పేరు సంగతి మరిచిపోయి, బలం ఎటునుంచి వచ్చిందో చూడటం మొదలుపెట్టాను. కొట్టారా, తోశారా, తిప్పారా, లాగారా? కొట్టినదైతే దేంతో కొట్టారు? ఇనుప సుత్తి దెబ్బ తిన్న తల అంచులు బయటికి విచ్చుకుని చిట్లుతాయి. కొయ్యసుత్తి దెబ్బ తిన్న తల మెరుస్తుందే కానీ చిట్లదు. ఇంత చిన్న తేడా ఒక వృత్తిని పక్కనపెట్టి ఇంకో వృత్తిని ముందుకు తెస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ విసనకర్రలా పలచగా విచ్చుకున్న ఒక ఇనుము. చూడగానే వెడల్పు ఉలి అనిపిస్తుంది. కానీ అంచుకి పదును లేదు. ఎన్నడూ ఉన్నట్టూ లేదు. అంచు మందంగా, దాని పొడవునా సన్నటి గాడి ఒకటి. తల వెడల్పుగా, గుండ్రంగా, కావాలని అలా సాగగొట్టినట్టు ఉంది, కానీ ఎక్కడా చిట్లలేదు. అంటే దీన్ని కొయ్యసుత్తితో కొట్టారు, కోయడానికి కాదు, ఏదో ఇరుకులో కూరడానికి. గాడి ఉన్నది కూరే వస్తువు అటూ ఇటూ జారకుండా. అక్కడినుంచి దారి తేలికైంది: చెక్క ఓడల పలకల సందుల్లో తారు పట్టించిన జనుపనార పీచు కూరే ఇనుము. వీటిలోనే చాలా రకాలున్నాయి. సందును ముందు వెడల్పు చేసేదానికి పదునుంటుంది, పీచు దిగగొట్టేదానికి మొద్దు అంచు, గట్టిగా బిగించేదానికి గాడి ఉన్న అంచు. నీటి గొట్టాల అతుకుల్లో సీసం బిగించే ఇనుములు కూడా వీటికి దాయాదులే, కానీ అవి సన్నగా, మెడ దగ్గర వంపుతో ఉంటాయి, పైగా వాటిని ఇనుప సుత్తితో కొడతారు. నా దాని తల చిట్లలేదు కాబట్టి ఓడ వైపే మొగ్గాను.

ఇంకోటి వంకర ముక్కు పటకారు. దవడల లోపల సన్నటి పళ్లు, దవడ కింద అడ్డంగా పొడుచుకొచ్చిన ఒక ఇనుప దిమ్మ. పట్టుకోవడానికి దవడ సరే, ఈ దిమ్మ ఎందుకు? దిమ్మ ముఖం బాగా నునుపెక్కి, మధ్యలో చిన్న చిన్న గుంటలు పడి ఉంది: మేకుల తలలు కొట్టిన గుర్తులు. అంటే ఒకే చేత్తో పట్టి లాగాలి, లాగింది జారకముందే అదే చేత్తో మేకు కొట్టాలి. బూట్ల తయారీలో చెక్క అచ్చు మీదికి తోలు లాగి, వెంటనే చిన్న మేకు దిగగొట్టే పటకారు ఇది. లాగేటప్పుడు ఆ దిమ్మను అచ్చుకి ఆనించి మీటలా కూడా వాడతారు. రెండో చెయ్యి ఖాళీగా ఉండదు, అచ్చును పట్టుకుని ఉంటుంది. అందుకే రెండు పనిముట్లు ఒకటయ్యాయి. ఇలా "మిగతా చెయ్యి ఏం చేస్తోంది" అని ఊహించడం నాకు చాలాసార్లు దారి చూపించింది.

అరుగుదల గురించి ఒక మాట. పిడి మీద బొటనవేలు ఆనే పల్లం కొన్నిసార్లు స్పష్టంగా ఉంటుంది. దాన్నిబట్టి పనిముట్టు ఎటు తిప్పి పట్టుకునేవారో తెలుస్తుంది. మనం తలకిందులుగా పట్టుకుని బుర్ర బద్దలుకొట్టుకుంటున్న వస్తువు, చెయ్యి ఆ పల్లంలో కుదురుకోగానే అర్థమైపోతుంది. కళ్లు మూసుకుని పట్టుకుని చూడమని నా సలహా. వినడానికి వింతగా ఉన్నా, పనిచేస్తుంది.

కొలతల దగ్గర నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఒక నల్లటి రెండు మూతుల పానా. ఒక్క అంకె కూడా లేదు. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే ఒక మూతి 20.9 మిల్లీమీటర్లు, రెండోది 23.5. ఎవరైనా చూడగానే 21, 23 అంటారు. కానీ పానా మూతి ఎప్పుడూ నట్టు కన్నా కొంచెం పెద్దదిగానే చేస్తారు, చిన్నదిగా చేస్తే నట్టు ఎక్కదు. 20.9 మూతిలోకి 21 నట్టు ఎలా దూరుతుంది? వాడకంతో మూతి వెడల్పవుతుందే కానీ ఇరుకవదు. పోనీ అమెరికా అంగుళాలా అంటే 15/16 అంగుళం 23.8 మిల్లీమీటర్లు, అదీ దూరదు. మిగిలింది విట్‌వర్త్ కొలత. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన బ్రిటిష్ మరల పద్ధతిలో పానా అంకె నట్టు వెడల్పును కాదు, బోల్టు కాండం మందాన్ని చెబుతుంది. 7/16 బోల్టు నట్టు 0.820 అంగుళాలు, అంటే 20.8 మిల్లీమీటర్లు. అర అంగుళం బోల్టుది 0.920 అంగుళాలు, 23.4. రెండు మూతులూ చొక్కాకి కుట్టిన గుండీల్లా సరిపోయాయి. కాబట్టి పేరు లేకపోయినా ఇది బ్రిటిష్ యంత్రాల పక్కన బతికిన పానా. కాలం మాత్రం ఇంత కచ్చితంగా చెప్పలేం. క్రోమ్ పూత పనిముట్లకు వాణిజ్యపరంగా వచ్చింది 1920ల మధ్య నుంచి. నల్లగా ఉంది కాబట్టి అంతకుముందుది అనుకోవడానికి లేదు, చవక రకాలు ఆ తర్వాత కూడా నల్లగానే వచ్చాయి. పూత ఉంటే మాత్రం తేడా చూడండి: నికెల్‌కి కాస్త పసుపు చాయ, క్రోమ్‌కి నీలి చాయ.

మరలు కూడా ఇలాగే మాట్లాడతాయి. విట్‌వర్త్ మరల కోణం 55 డిగ్రీలు, అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ ప్రతిపాదించింది 60 డిగ్రీలు. మరల గేజ్ పళ్లు ఆనించి వెలుతురుకి ఎదురుగా పెడితే సందు కనబడుతుందో లేదో తెలిసిపోతుంది. చెక్కలోకి దిగే స్క్రూలకైతే మొన చూడాలి. సూదిమొన స్క్రూలు యంత్రాల మీద విరివిగా రావడం 1840ల చివర నుంచి. అంతకు ముందువి మొద్దు మొనవి. తల మీద ప్లస్ గుర్తు ఉంటే అది 1930లకు ముందుది కాకపోవచ్చు. అయితే స్క్రూ పోతే ఎవరైనా కొత్తది బిగిస్తారు కనుక, స్క్రూ వయసు పనిముట్టు వయసు కానక్కర్లేదు. చుట్టూ ఉన్న తుప్పు రంగూ, స్క్రూ తుప్పు రంగూ ఒకటేనా అని నేను చూస్తాను.

ఇక లోహం. ముద్ర లేని ఒక బరువైన ఉలి ఉంది. పిడి దిగడానికి గొట్టంలాంటి అమరిక ఉన్న రకం, అంటే గట్టి దెబ్బలు తినడానికి చేసింది. ఆకురాయితో ఒంటి మీద ఒక మూల గీస్తే పట్టింది, అంచు దగ్గర గీస్తే జారిపోయింది. ఒకే లోహమై, అంచును మాత్రమే కాల్చి గట్టిపరిచి ఉండొచ్చు, లేదా రెండు లోహాలు అతికి ఉండొచ్చు. తేల్చుకోవడానికి పక్కవైపు కొంచెం మేర సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వెనిగర్ రాసి వదిలేశాను. కాసేపటికి అంచు వైపు పలచటి పొర ముదురు బూడిద రంగుకి తిరిగింది, మిగతా ఒళ్లు లేతగా ఉండిపోయింది, రెంటి మధ్యా గీత గీసినట్టు సరిహద్దు. లేత భాగంలో పొడవునా నారల్లాంటి చారలు కూడా తేలాయి. ఆ చారలు చేత ఇనుము (సుత్తితో సాగగొట్టి చేసే మెత్తటి పాతకాలపు ఇనుము) గుర్తు: దానిలో చిక్కుకున్న చిట్టెం, సాగగొట్టినప్పుడు పొడవునా నారలుగా సాగుతుంది. ఉక్కు ఖరీదైన రోజుల్లో ఒళ్లంతా చేత ఇనుముతో చేసి, కోసే చోట మాత్రం ఉక్కు పొర కొలిమిలో అతికేవారు. ఇది చూసి "పందొమ్మిదో శతాబ్దం" అని చీటీ రాసేయాలని చెయ్యి ఉవ్విళ్లూరుతుంది. కాస్త ఆగాలి. జపాన్ ఉలులు ఈనాటికీ రెండు పొరలతోనే చేస్తున్నారు. అయితే వాటికి వెనకవైపు గుంట, పిడి చివర ఇనుప వలయం ఉంటాయి. నా ఉలికి ఆ రెండూ లేవు, గొట్టంలో అతుకు గీత సుత్తి పనితో వంకరగా ఉంది. అందుకే పందొమ్మిదో శతాబ్దం వైపు మొగ్గాను.

నిప్పురవ్వల పరీక్ష కూడా ఉంది. చక్రానికి తాకిస్తే చేత ఇనుము నుంచి పొడవాటి గడ్డి రంగు గీతలొస్తాయి, కొమ్మలు పెద్దగా ఉండవు. కార్బన్ ఎక్కువున్న ఉక్కు నుంచి చక్రం దగ్గరే పువ్వుల్లా పగిలే రవ్వలు. పోత ఇనుము పొట్టిగా, ఎర్రగా. ఈ పరీక్షకి లోహం కొంత అరగాలి కాబట్టి, విరిగిపోయి ఇక దేనికీ రాని వాటి మీద మాత్రమే చేశాను. నా లెక్కన వెనిగరే మర్యాదస్తుడు.

చెక్క తోపడ ఒకటుంది, సన్నగా పొడుగ్గా, అడుగు చదునుగా కాకుండా అచ్చు తీర్చిన రకం. అంచులకు నగిషీ పట్టడానికి వాడేది. దాని ముక్కు మీద ఒకటి కాదు, మూడు పేర్లు, ఒకదాని మీదికొకటి ఎక్కినట్టు. ముద్ర లేని వాటి గురించి రాస్తూ దీన్నెందుకు తెచ్చానంటే, ఆ పేర్లలో ఒక్కటి కూడా తయారీదారుది కాదని నా నమ్మకం. పనివాళ్లు తమ పనిముట్లు కలిసిపోకుండా సొంత పేరు ముద్ర కొట్టుకునేవారు. చేతులు మారిన కొద్దీ పేర్లు పెరిగేవి. తయారీదారు ముద్ర సాధారణంగా ముక్కు పైభాగంలో, మధ్యకి, తీర్చినట్టు ఒకే వరసలో ఉంటుంది, తరచుగా చుట్టూ పళ్ల అంచుతో. నా దానిలో అవన్నీ ఏటవాలుగా, లోతులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పొడవు తొమ్మిదిన్నర అంగుళాలు. పందొమ్మిదో శతాబ్దానికి బ్రిటన్, అమెరికాల్లో ఈ రకం తోపడలు ఈ పొడవుకి స్థిరపడ్డాయి. పద్దెనిమిదో శతాబ్దంలో చేసినవి ఇంకొంచెం పొడుగు తేడాలతో ఉంటాయి, అంచులు చదునుగా వెడల్పుగా చెక్కి ఉంటాయి. నా దాని అంచులు గుండ్రం తిరిగాయి. చెక్క బీచ్ అనే చెట్టుది. బ్లేడు అంచు వైపు మందంగా, పైకి పోయేకొద్దీ పలచబడుతూ ఉంది. ముక్కు మీద ఏటవాలుగా గీసిన సన్నటి గీత ఒకటి చూసి గీరుడు అనుకుంటారేమో, కాదు: తోపడను ఏ వాలులో పట్టుకోవాలో చెప్పే గీత అది. ఆ గీతను నిలువుగా ఉంచి తోస్తే అడుగు అచ్చు చెక్క మీద సరిగ్గా కూర్చుంటుంది. పాత మెత్తటి పలక మీద తోసి చూస్తే వచ్చిన నగిషీ, దాని పనేంటో సాక్షాత్తూ చెప్పింది: పైన పావు వంతు గుండ్రం, కింద చిన్న మెట్టు.

ఇనుప తోపడ కథ వేరు. బ్లేడు కొత్తది, పేరూ ఊరూ లేని రకం. కానీ బ్లేడు ఆనే దిమ్మ తీస్తే, కింద పోతలో మూడు వరసల అక్షరాలు జిడ్డులో కూరుకుని ఉన్నాయి. పేటెంట్ తేదీలు. మొదటి రెండూ కుదిరాయి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19. మూడోదానిలో "ఏప్రిల్ 19" అని, తర్వాత ఒక "1" కనబడుతున్నాయి. చివరి అంకె పోతలోనే సరిగ్గా పడలేదు. అంటే 1910 నుంచి 1919 దాకా ఏదైనా కావచ్చు. ఇక్కడ ఒక చిట్కా. అమెరికా పేటెంట్లు పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి మంగళవారాల్లోనే జారీ అవుతూ వచ్చాయి. ఆ పదేళ్లలో ఏప్రిల్ 19 మంగళవారం వచ్చింది 1910లో ఒక్కసారే. క్యాలెండర్ తీసి చూసుకుంటే మీకే తెలుస్తుంది. మిగతా రెండు తేదీలూ మంగళవారాలే. ఈ మూడు తేదీల జత అమెరికా పనిముట్ల కంపెనీ స్టాన్లీ చేసిన బెయిలీ రకం తోపడలది. లెనార్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ 1869లోనే చేజిక్కించుకుంది. మూడూ కలిసి పోతలో కనబడేవి దాదాపు 1910-1918 మధ్యవి. ముందు గుబ్బ పొట్టిగా ఉండటం కూడా దీనికి సరిపోతుంది. ఆ తర్వాతి వాటికి పొడుగు గుబ్బలొచ్చాయి. పేటెంట్ తేదీ వస్తువు పుట్టినరోజు కాదన్నది గుర్తుంచుకోవాలి. అంతకన్నా ముందుది కాదు, అంతే. పేటెంట్ అంకె మాత్రమే ఉంటే ఇంకా తేలిక: అమెరికా పేటెంట్లు 1836లో ఒకటి నుంచి మొదలై, పది లక్షల మార్కు 1911లో, ఇరవై లక్షలు 1935లో దాటాయి.

రంపం గురించి ఎక్కువ చెప్పను. పిడికి ఇత్తడి బిళ్ల ఉంది, మీద "వారంటెడ్ సుపీరియర్" అని రాత. అది చూసి సంబరపడితే ప్రయోజనం లేదు, చాలా కంపెనీలు తమ రెండో తరగతి రంపాలకు, ఇతరుల కోసం చేసిన వాటికి అదే బిళ్ల వాడాయి. చదునైన చెక్కముక్కకి సన్నటి గరుకు కాగితం చుట్టి, నూనె చుక్కలతో పలక మీద మెల్లగా రుద్దితే ఆసిడ్‌తో చెక్కిన బొమ్మ ఉన్నచోట నల్లగా మిగలాలి. నా దానిలో ఏమీ మిగల్లేదు. పళ్లు చూస్తే చిన్న ఉలుల వరసలా ఉన్నాయి, అంటే చెక్కను నారపొడవునా చీల్చేది. అడ్డంగా కోసేదైతే పళ్లు కత్తి మొనల్లా ఏటవాలుగా ఉంటాయి. అంతవరకు చాలనుకున్నాను.

బొమ్మలతో పోల్చుకోవడానికి పాత కంపెనీల కేటలాగులే దిక్కు. చాలావరకు ఇప్పుడు స్కాన్ చేసి దొరుకుతున్నాయి. వృత్తిని పట్టుకోవడానికైతే నాకు ఇంకా పాతవి నచ్చాయి: ఫ్రెంచి రచయిత దిదరో విజ్ఞాన సర్వస్వానికి 1762-72 మధ్య వచ్చిన పదకొండు బొమ్మల సంపుటాల్లో ఒక్కో వృత్తికి పనిచోటు పైన, పనిముట్లు కింద వరసగా గీసి ఉంటాయి. పనిముట్టుతో పాటు దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా కనబడుతుంది, అదే దాని విలువ. మరొకటి పెన్సిల్వేనియా డాయిల్స్‌టౌన్‌లోని మెర్సర్ మ్యూజియం ఫొటోలు. హెన్రీ మెర్సర్ 1897 నుంచి జనం పారేస్తున్న చేతి పనిముట్లను పోగుచేసి, 1916లో కాంక్రీటు భవనం కట్టి అందులో పెట్టాడు. అక్కడ వాటిని తయారీదారుల వారీగా కాదు, ఏ పనికి వాడేవో ఆ వరసలో అమర్చారు. పేరు లేని వస్తువుతో వెళ్లేవాడికి ఆ అమరికే పనికొస్తుంది.

ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే చాలదా అని అడుగుతారు. పేరున్న వాటికి కొంతవరకు చాలు. పేరు లేనివాటికి అది ఆకారం పోలికతో ఏదో ఒకటి అంటగడుతుంది. మొద్దు అంచునూ పదునంచునూ ఫొటోలో వేరు చేయలేదు. ఫొటోలు మాత్రం తీయాల్సిందే, యంత్రానికి కాదు, మనుషులకు పంపడానికి. పక్కన స్కేలు పెట్టి, రెండు చివరలూ, అంచు దగ్గరనుంచి ఒకటి, బరువు రాసి.

పెట్టెలో నన్ను ఎక్కువ ఏడిపించింది జానెడు కూడా లేని ఒక ఉక్కు బద్ద. ఒక చివర చిన్న గొడ్డలి రెక్కలా వెడల్పు అంచు, ఇంకో చివర నాలుగు పలకల మొన. పిడి లేదు, పిడి తగిలించే చోటూ లేదు. రెక్క వీపు సుత్తి దెబ్బలకి బాగా చిట్లి ఉంది, మొనకి ఎదురుగా ఉన్న అంచు కూడా దెబ్బలు తిన్నదే. అంటే ఒకే బద్దను రెండు రకాలుగా, రెండు చోట్ల కొట్టారు. రెక్కతో ఏదో ఎత్తడమో తెంపడమో చేసి, వెంటనే తిప్పి మొనతో ఏదో పొడిచి తోసెయ్యడం. ఒకదాని తర్వాత ఒకటి వెంటవెంటనే జరగాలి, లేకపోతే రెండూ ఒకే బద్దలో ఎందుకుంటాయి? పదునైన అంచు కాదు కాబట్టి చెక్క కాదు, తోలు కాదు. మేకు అయ్యుండాలి. వంచిన మేకు కొనను పైకి లేపి, ఆ మేకును వెనక్కి తోసెయ్యడం. మేకులు గుచ్చి, కొనలు వంచి, మళ్లీ కొన్నాళ్లకు అన్నీ తీయాల్సి వచ్చే పని ఏది?

గుర్రపు లాడాలు. డెక్కలోంచి బయటికొచ్చిన మేకు కొనను వంచి బిగిస్తారు; లాడం మార్చాల్సి వచ్చినప్పుడు ముందు ఆ వంపు విప్పాలి. ఊహ సరిగా ఉందనిపించినా, చేతివృత్తి విషయంలో ఆ వృత్తిలో ఉన్నవాళ్ల మాటే ఖాయం. లాడాలు కొట్టే పనిలో ఉన్న ఒకాయనకి ఫొటోలు పంపాను. అవునన్నారు. ఆయన దగ్గరా అలాంటిదే ఉందట, ఈనాటికీ అదే ఆకారం. ముద్ర లేదని నేను వాపోతే, "మాలో కొంతమంది పాత ఆకురాయిని కాల్చి సొంతంగా చేసుకుంటారండీ, ఇంక ముద్ర ఎవరు కొడతారు?" అన్నారు. వెంటనే బద్దను టార్చి కింద పెట్టి మళ్లీ చూశాను. రెక్క ఒకవైపు, సుత్తి దెబ్బల మధ్య, ఆకురాయి గరుకు గీతలు వరసగా కొన్ని మిగిలి ఉన్నాయి.

గుర్తుపట్టిన ప్రతిదానికీ దారంతో ఒక చీటీ కట్టాను. చీటీలో పని, కాలం, చోటు వేర్వేరు వరసల్లో రాసి, ఒక్కోదాని పక్కన "ఖాయం", "బహుశా" అని పెట్టాను. ఓడ ఇనుముకి పని ఖాయం, కాలం బహుశా. పానాకి కొలత ఖాయం, కాలం ఖాళీ. చెక్క తోపడకి ముగ్గురు పనివాళ్ల పేర్లూ రాసి, తయారీదారు వరస ఖాళీగా ఉంచాను. ఎందుకు అలా అనుకున్నానో కూడా ఒక వాక్యం రాస్తాను, రేపు ఇంకెవరైనా కాదని చెప్పాలంటే దేన్ని కాదనాలో తెలియాలి కదా. లాడాల బద్ద చీటీ మీద తయారీదారు వరసలో "వాడినవాడే, బహుశా" అని పడింది.

ఆ లాడాలాయన చివర్లో ఇంకో మాట అన్నారు: "దాని అంచుకి పదును పెట్టకండి. పదునుంటే మేకుతో పాటు డెక్క కూడా తెగుతుంది." అందుకే దానికి సాన పట్టలేదు. నూనె రాసి ఉంచాను.